కణంలో ముడి వేసేదెవరు?

పెళ్లిళ్లకు శామియానా కట్టడం మీరు చూసే ఉంటారు. గుడ్డ ఒక్కటే ఉంటే అది నిలవదు. గుంజలు పాతాలి, తాళ్లు లాగాలి, ఆ తాళ్లను గుడ్డ అంచుకు గట్టిగా ముడివేయాలి. ముడి ఊడిందా, గుడ్డా గుంజలూ అన్నీ ఉన్నా శామియానా నేలకు వాలుతుంది.

మన శరీరంలోని జీవకణం సంగతీ ఇంచుమించు ఇంతే. దాని చుట్టూ ఉండే పొరను కణత్వచం అంటారు. అది మిల్లీమీటరులో లక్షో వంతు కన్నా పలచన! దానికి లోపలి నుంచి ఆధారం ఇచ్చేవి ఆక్టిన్ అనే ప్రోటీను పోగులు. ఈ పోగులకూ ఆ పొరకూ ముడివేసే ప్రోటీన్లు వేరే ఉన్నాయి. వాటిలో అన్నదమ్ముల వంటివి మూడు: ఎజ్రిన్, రాడిక్సిన్, మొయెసిన్.

ఎజ్రిన్‌ను ఆంథొనీ బ్రెట్షర్ అనే శాస్త్రజ్ఞుడు 1983లో కోడి పేగుల నుంచి శుద్ధి చేసి తీశాడు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ స్థాపకుడు ఎజ్రా కార్నెల్ పేరు మీదుగా దానికి ఆ పేరు వచ్చింది. పేగు లోపలి కణాల మీద బ్రష్షు కుచ్చులాగా సూక్ష్మచూషకాలు ఉంటాయి. మనం తిన్న ఆహారంలోని సారాన్ని పీల్చుకునేవి అవే. వాటిని నిలబెట్టే ముడి ఎజ్రిన్.

ముడుచుకున్న చాకు

ఈ ప్రోటీన్లు ఎప్పుడూ పని చేస్తూ ఉండవు. పని లేనప్పుడు మడతచాకులాగా ముడుచుకొని ఉంటాయి. తల తోకను పట్టుకొని ఉంటుంది. అలా ఉన్నంతసేపు తల పొరను పట్టుకోలేదు, తోక ఆక్టిన్‌ను అందుకోలేదు.

మరి చాకును తెరిచేదేది? పొరలో ఉండే ఒక రకం కొవ్వు పదార్థం తలను తాకాలి. తోకలోని థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేటు తగలాలి. ఎజ్రిన్‌లో ఇది 567వ స్థానంలో ఉంటుంది. ఫాస్ఫేటు అంటే భాస్వరం, ఆక్సిజన్ పరమాణువుల చిన్న గుంపు. బరువు చూస్తే మొత్తం ప్రోటీనులో దాదాపు వెయ్యో వంతు! అయినా అది తగలగానే తోక విడివడి, ముడి పడుతుంది. ఫాస్ఫేటును తగిలించే ఎంజైములను కైనేజులు అనీ, తుడిచివేసే వాటిని ఫాస్ఫటేజులు అనీ అంటారు.

తపాలా ముద్రను చూసే కన్ను

ఒకే రకం కవర్లు వంద ఉన్నాయనుకోండి. తపాలా ముద్ర పడినవి ఏవో, పడనివి ఏవో విడదీయాలి. కణంలో ఈ పని ఎవరు చేస్తారు? దీనికి శాస్త్రజ్ఞులు ప్రతిరక్షకాలను వాడుకుంటారు. శరీరంలోకి కొత్త పదార్థం వస్తే దానిని గుర్తుపట్టి అంటుకునే ప్రోటీన్లే ప్రతిరక్షకాలు.

ముందు ఆ తోక ముక్కను ఫాస్ఫేటుతో సహా ప్రయోగశాలలో తయారుచేస్తారు. దానిని కుందేలుకో ఎలుకకో సూది మందుగా ఇస్తారు. కొన్ని వారాలకు దాని రక్తంలో ప్రతిరక్షకాలు పుడతాయి. ఫాస్ఫేటు లేని ముక్కకు కూడా అంటుకునే వాటిని ఏరి పారేస్తారు. ముద్ర ఉంటేనే అంటుకునేవి మిగులుతాయి. వాటిని చూడడానికి వెలుగునిచ్చే రంగును జోడిస్తే, సూక్ష్మదర్శినిలో అవి అంటుకున్న చోటల్లా మెరుస్తుంది.

మాయమైన వెలుగు

జపానులోని క్యోటోలో షోయిచిరో త్సుకితా బృందం ఇటువంటి ప్రతిరక్షకాన్ని తయారుచేసింది. దాని పేరు 297ఎస్. అయితే ఒక చిక్కు వచ్చింది. సూక్ష్మదర్శిని కింద చూసే ముందు కణాలను కదలకుండా బిగించాలి. మీ బడిలో కప్పను సీసాలో ఉంచే ఫార్మలిన్ వంటి ద్రావణమే అందుకు మామూలుగా వాడతారు. కాని ఆ పద్ధతిలో బిగిస్తే ఫాస్ఫేటు నిలవడం లేదు! కణంలోని ఫాస్ఫటేజులు అంత త్వరగా ఆగవు. మనం చూసేలోపల ముద్రను తుడిచేస్తున్నాయి.

అందుచేత వారు ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం వాడారు. ఈ ఆమ్లం ఫాస్ఫటేజులను పనిచేయకుండా చేస్తుంది. ముద్ర చెరగలేదు, వెలుగు కనిపించింది. మామూలు ప్రతిరక్షకంతో చూస్తే ఈ ప్రోటీన్లు కణమంతటా, పొర దగ్గరా కూడా ఉన్నాయి. 297ఎస్‌తో చూస్తే పొర దగ్గర మాత్రమే మెరిశాయి. అంటే ఫాస్ఫేటు ఉన్నవే ముడి వేస్తున్నాయన్న ఊహకు బలం చేకూరింది. ఈ ఫలితాన్ని 1999లో ప్రచురించారు.

మెరిసినదల్లా ఫాస్ఫేటేనా? దానికీ పరీక్ష ఉంది. కావాలని ఫాస్ఫటేజు కలిపి ముద్రను తుడిచి చూడాలి. అప్పుడు వెలుగు పోతే ప్రతిరక్షకం నిజం చెప్పినట్టు. పోకపోతే అది మరి దేనికో అంటుకుంటున్నట్టు.

ఇంత శ్రమ ఎందుకంటారా? మన లోపలి చెవిలో శబ్దాన్ని అందుకునే కణాల మీద సన్నని రోమాల వంటివి ఉంటాయి. అక్కడ ముడి వేసేది రాడిక్సిన్. అది లేని చిట్టెలుకల్లో ఆ రోమాలు మొదట బాగానే పెరిగి, తరువాత శిథిలమై వినికిడి పోయింది. ఆ జన్యువు దెబ్బతిన్న మనుషుల్లోనూ చెవుడు కనిపించింది. ముడి ఊడితే శామియానా వాలినట్టే గదా!

ఇందులో మరో పాఠం కూడా ఉంది. కనిపించనంత మాత్రాన లేదని అనకూడదు. చూడబోయే లోపల మనమే దానిని చెరిపేస్తున్నామేమో, ముందు అది తేల్చుకోవాలి.