టెన్త్ పిల్లలకి గేమ్స్ పీరియడ్ ఎందుకు?



మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మగారు అడిగారు: "టెన్త్ కదా మేడమ్, గేమ్స్ పీరియడ్ తీసేసి ఇంకో స్టడీ అవర్ పెట్టకూడదా?" ఇది చాలామంది మనసులో ఉన్న ప్రశ్నే కాబట్టి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

మన పిల్లలు ఇంటి ముందు బస్సెక్కి స్కూల్ గేటు దగ్గర దిగుతారు. సాయంత్రం హోంవర్క్, తర్వాత ఫోన్. తిరుమలగిరి గుడికి వెళ్తే తాతయ్య కంటే ముందు మనవడికే ఆయాసం వస్తోంది.

శరీరాన్ని రోజూ ఏ పని అడిగితే ఆ పనికి అలవాటు పడుతుంది. గుండె కూడా కండరమే. క్రమం తప్పకుండా పరుగెత్తితే ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తం పంపగలదు. అందుకే ఆయాసం తగ్గుతుంది. మానేస్తే మాత్రం వచ్చిన శక్తి కొన్ని వారాల్లోనే తగ్గడం మొదలవుతుంది. ఎముకలు గట్టిపడే వయసు కూడా ఇదే. పరీక్షలయ్యాక చూద్దాంలే అంటే ఆ వయసు ఆగదు.

గుర్తుంచుకోవాల్సినవి మూడు:

1. కొద్దికొద్దిగా పెంచాలి. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. అది ఏళ్ల తరబడి మెల్లగా బరువు పెంచుకుంటూ చేసిన సాధన. ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు పరుగెత్తిస్తే ఒళ్లు నొప్పులే మిగులుతాయి.

2. రోజూ చేయాలి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారంలో కనీసం 3 రోజులు కండరాలకు, ఎముకలకు బలాన్నిచ్చే ఆటలుండాలి. తాడాట, కబడ్డీ, మెట్లెక్కడం చాలు.

3. విశ్రాంతి ఇవ్వాలి. అలసిన కండరం కోలుకుని బలపడేది విశ్రాంతిలోనే. 13 ఏళ్లు దాటినవారికి 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం.

ఎంత వేగం సరిపోతుంది? నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే మధ్యస్థ వేగం. మన ఎండలకు ఉదయం 7 లోపు, సాయంత్రం 5 తర్వాత మంచిది. మంచినీళ్లు మరవొద్దు. ఆస్తమా, గుండె సమస్య ఉంటే డాక్టర్ని అడిగి, క్లాస్ టీచర్‌కి కూడా చెప్పండి.

ఆ అమ్మగారికి నా జవాబు ఇదే: గేమ్స్ పీరియడ్‌ని ఉండనివ్వండి. ఆడి వచ్చిన పిల్లలు తర్వాతి క్లాసులో ఆవలించడం తక్కువ, ప్రశ్నలడగడం ఎక్కువ. నేను రోజూ చూస్తున్నదే. గేమ్స్ పీరియడ్ ఒక్కటే 60 నిమిషాలకు సరిపోదు. మిగిలింది మీ చేతుల్లో ఉంది. ఈ రాత్రి భోజనాలయ్యాక ఫోన్లు ఇంట్లో పెట్టి, పిల్లలతో కలిసి వీధి చివరి దాకా నడిచి రండి.