క్షయ మందు ముందు నిలవని గర్భనిరోధక మాత్ర

న్యూఢిల్లీ: ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా లభించే మందులలో రెండింటికి పొత్తు కుదరదు. ఒకటి మాలా-ఎన్ గర్భనిరోధక మాత్ర. రెండవది క్షయ రోగులకు ఇచ్చే రిఫాంపిసిన్. ఈ రెండింటినీ ఒకే మహిళ ఒకే కాలంలో వాడితే మొదటిదానిని ఇక నమ్ముకోవడానికి వీలుండదు. ప్రపంచంలోని క్షయ రోగులలో సుమారు నాలుగో వంతు మంది భారతదేశంలోనే ఉన్నారు. వారిలో సంతానవయస్సులోని మహిళల సంఖ్య లక్షలలోనే ఉంటుంది. అందువల్ల ఇది వైద్య గ్రంథాలకు పరిమితమైన విషయం కాదు.

మాలా-ఎన్, మాలా-డి రెండింటిలోనూ ఉండే హార్మోన్లు ఒకటే. లెవోనార్జెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాములు, ఇథినైల్ ఈస్ట్రడయాల్ 0.03 మిల్లీగ్రాములు. మొదటిది ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేది, రెండవది రాయితీ ధరపై దుకాణాలలో అమ్మేది. ఈ స్వల్ప మోతాదు రక్తంలో నిలకడగా ఉన్నంతకాలం అండాశయం నుంచి అండం విడుదల కాదు. రిఫాంపిసిన్ చేసే పని ఏమంటే, కాలేయంలో మందులను విచ్ఛిన్నం చేసే ఎంజైములను ఉసిగొల్పుతుంది. దానితో హార్మోన్లు తమ పని పూర్తి చేయకముందే శరీరం నుంచి వెళ్లిపోతాయి. మాత్ర క్రమం తప్పకుండా మింగుతున్న మహిళకు కూడా ఈ సంగతి తెలియకపోవచ్చు. రిఫాంపిసిన్ వాడేవారి మూత్రం నారింజ రంగుకు మారుతుంది.

క్షయ చికిత్స కనీసం ఆరు నెలలు సాగుతుంది. ఆ కాలమంతటితోపాటు, చికిత్స ముగిసిన తరువాత మరో నాలుగు వారాల వరకు వేరే గర్భనిరోధక పద్ధతి అవసరమని వైద్య నిపుణులు సూచిస్తున్నారు. కాపర్-టిపై గానీ, 2017లో 'అంతర' పేరిట ప్రభుత్వ కార్యక్రమంలో ప్రవేశించిన మూడు నెలల ఇంజెక్షన్‌పై గానీ రిఫాంపిసిన్ ప్రభావం చెప్పుకోదగినంత ఉండదు. అయితే క్షయ మందులు ఇచ్చే సిబ్బంది ఒకరు, కుటుంబ సంక్షేమ రిజిస్టరు చూసే సిబ్బంది మరొకరు అయినప్పుడు ఈ ప్రశ్న అడిగే నాథుడు ఉండడు. మహిళలే చొరవ తీసుకుని రెండు చోట్లా రెండో మందు పేరు చెప్పడం మేలు.

మూర్ఛ వ్యాధికి వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్, ఫెనోబార్బిటాల్ మందులతోనూ ఇదే చిక్కు ఉంది. లామోట్రిజిన్ విషయంలో కథ తిరగబడుతుంది. అక్కడ గర్భనిరోధక మాత్రే మూర్ఛ మందు మోతాదును రక్తంలో తగ్గించివేస్తుంది, ఫలితంగా మూర్ఛలు తిరిగి రావచ్చు. హెచ్ఐవి మందులలో కొన్నింటి పట్ల కూడా జాగ్రత్త అవసరం.

ఇంతవరకు చదివి ప్రతి యాంటీబయాటిక్‌నూ అనుమానించనవసరం లేదు. అమాక్సిసిలిన్, డాక్సీసైక్లిన్ వంటి సాధారణ యాంటీబయాటిక్‌లు మాత్ర శక్తిని తగ్గిస్తాయన్న పాత అభిప్రాయాన్ని వైద్యశాస్త్రం ఇప్పుడు అంగీకరించడం లేదు. జ్వరం వచ్చిందని, యాంటీబయాటిక్ రాశారని మాత్ర మానివేసి గర్భం తెచ్చుకోవడం కంటే విచారకరమైనది లేదు. అయితే వాంతులు, తీవ్రమైన విరేచనాలు వేరే సంగతి. మాత్ర వేసుకున్న రెండు మూడు గంటలలోపు వాంతి అయితే మరొకటి వేసుకోవాలి.

మందుల మాట అటుంచితే, మాత్ర విఫలం కావడానికి అత్యధిక కారణం మతిమరుపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఎలాంటి పొరపాటూ లేకుండా ఏడాదిపాటు వాడే 1,000 మంది మహిళలలో సుమారు ముగ్గురికే గర్భం వస్తుంది. మామూలుగా, అంటే అప్పుడప్పుడు మరచిపోతూ వాడేవారిలో ఆ సంఖ్య 100కు 7. ఈ తేడా అంతా వాడకంలోనిదే, మాత్రలోనిది కాదు.

మాలా పొట్లంలో 28 మాత్రలు ఉంటాయి. మొదటి 21 హార్మోన్ మాత్రలు, చివరి ఏడు ఇనుము మాత్రలు. ఇనుము మాత్ర మరచిపోయినంత మాత్రాన గర్భం రాదు. కానీ వాటిని పారవేసేవారు రోజుల లెక్క కోల్పోయి కొత్త పొట్లం ఆలస్యంగా ప్రారంభించే ప్రమాదం ఉంది. అసలు ముప్పు అదే. హార్మోన్ లేకుండా ఏడు రోజులు గడిస్తే అండాశయం మేల్కొనడానికి సిద్ధంగా ఉంటుంది. ఎనిమిదో రోజు, తొమ్మిదో రోజు కూడా ఖాళీగా పోతే అండం విడుదలయ్యే అవకాశం పెరుగుతుంది.

నడుమ ఒక హార్మోన్ మాత్ర తప్పితే గుర్తుకు వచ్చిన వెంటనే వేసుకోవాలి, ఆ రోజు మాత్ర యథావిధిగా వేసుకోవాలి, రెండూ ఒకేసారి అయినా ఫరవాలేదు. వరుసగా రెండు, అంతకు మించి తప్పితే వెంటనే ఒకటి వేసుకుని మిగతావి కొనసాగిస్తూ ఏడు రోజులు నిరోధ్ వాడాలి. మూడో వారంలో ఇలా జరిగితే హార్మోన్ మాత్రలు పూర్తి కాగానే ఇనుము మాత్రలు వదిలి కొత్త పొట్లం అందుకోవాలి. మొదటి వారంలో తప్పి, ఆ రోజులలో కలయిక జరిగి ఉంటే 72 గంటలలోపు అత్యవసర మాత్ర గురించి వైద్యుని సంప్రదించాలి. రిఫాంపిసిన్ ఆ మాత్ర శక్తినీ తగ్గిస్తుంది.

పొగ తాగే 35 ఏళ్లు దాటిన మహిళలు, అధిక రక్తపోటు, రక్తం గడ్డకట్టే వ్యాధి, కాలేయ వ్యాధి ఉన్నవారు, ఆరు నెలలలోపు బిడ్డకు పాలిచ్చే తల్లులు మాలా మాత్రలు వాడరాదు.

పొరుగున ఉన్న బంగ్లాదేశ్‌లో వివాహిత మహిళలలో సుమారు నాలుగో వంతు మంది మాత్రలే వాడుతున్నారు. అక్కడ అత్యధికంగా వాడే పద్ధతి అదే. పశ్చిమ బెంగాల్‌లోనూ ఐదో వంతు మంది వాడుతున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద ఇది 5 శాతమే. ఆంధ్రప్రదేశ్‌లో ఒక శాతమైనా లేదు. ఇక్కడ దాదాపు 70 శాతం, తెలంగాణలో 62 శాతం వివాహిత మహిళలు కు.ని. శస్త్రచికిత్స చేయించుకున్నవారు. ఇరవైలు దాటకముందే ఇద్దరు పిల్లలు, ఆపై ఆపరేషన్ అన్నది తెలుగు నేలపై స్థిరపడిపోయిన వరుస. అందువల్ల కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం కోరుకునే కోడలికి మాత్ర గురించి చెప్పగల అత్తగారు, తోడికోడలు ఇంట్లో ఉండటం అరుదు. మందుల దుకాణం గుమాస్తా చెప్పిందే శాస్త్రం.

హార్మోన్లు సరిపడనివారికి మన దేశమే మరో దారి చూపింది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో డాక్టర్ నిత్యానంద్ బృందం రూపొందించిన సెంట్‌క్రోమాన్ 1991లో 'సహేలి' పేరుతో మార్కెట్‌లోకి వచ్చింది. 2016లో 'ఛాయ' పేరిట జాతీయ కార్యక్రమంలో చేరింది. ఇది హార్మోన్ కాదు, పాలిచ్చే తల్లులూ వాడవచ్చు. బహిష్టు మొదటి రోజున ప్రారంభించి మూడు నెలలపాటు వారానికి రెండు, ఆ తరువాత వారానికి ఒకటి వేసుకోవాలి. రోజూ గుర్తు పెట్టుకునే బాధ లేదు గానీ, వారానికి ఒకసారి అన్నది మరచిపోవడానికి మరింత సులువు. ఏడు రోజులకు మించి ఆలస్యమైతే మళ్లీ మొదటి నుంచి, అంటే వారానికి రెండు చొప్పున ప్రారంభించాలి. కొందరికి దీనితో బహిష్టు ఆలస్యమవుతుంది, అది గర్భమేమోనని భయపడి మాత్ర మానివేసేవారూ ఉన్నారు. 15 రోజులకు మించి ఆలస్యమైతే పరీక్ష చేయించుకోవాలి.