పాత కారుకు వేరే ఇంజన్ వేయించారా? ఆర్సీ ఒకసారి చూసుకోండి

"ఇది అబ్బా నిశానీ, అమ్మేది లేదు." ఇంట్లో పాత అంబాసిడర్, ఫియట్ పద్మిని ఉన్నవాళ్లు చెప్పే మాట ఇదే. కానీ ఆ కార్ల తయారీ ఆగిపోయింది. అంబాసిడర్ కూడా 2014తో సరి. ఇంజన్ అరిగిపోతే మెకానిక్ భాయ్ ఇంకోటి తెచ్చి బిగిస్తాడు. బండి నడుస్తుంది, అందరూ ఖుషీ. కాగితాల సంగతి మాత్రం యాక్సిడెంట్ అయ్యాకే గుర్తొస్తుంది.

నేను చదివింది కామర్స్. ఇంజన్ గురించి తెలిసింది తక్కువే. అయినా ఇక్కడ లెక్క ఒక్కటే: బండి మీద, ఆర్సీలో, పాలసీలో ఇంజన్ నంబర్ ఒకటే ఉండాలి.

ముందు ఆర్టీఏ, తర్వాత గ్యారేజ్

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇలాంటి మార్పుకు ఆర్టీఏ అనుమతి కావాలి. అడక్కుండా మార్చేసి ఉంటే 14 రోజుల్లోగా ఆర్సీ, ఫీజుతో వెళ్లి చెప్పాలి. అదే కంపెనీ, అదే రకం ఇంజన్ అయితే పని సులువు. పెట్రోల్ బండికి డీజిల్ ఇంజన్ వేస్తే చిక్కే. చట్టం ఒప్పుకోని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాత ఇంజన్లు దొరుకుతాయి. సస్తాగా వస్తోందని బిల్లు లేకుండా తీసుకోవద్దు. బిల్లు మీద ఇంజన్ నంబర్ రాయించుకోండి. అది దొంగ బండిది అయితే పోలీసులు వచ్చేది మీ ఇంటికే.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. తర్వాత ఐదేళ్లకోసారి ఫారం 25తో రెన్యువల్. అప్పుడు ఇన్‌స్పెక్టర్ బండి చూస్తాడు. నంబర్ కలవకపోతే అక్కడే ఆగిపోతుంది.

ఇన్సూరెన్స్ మాటేంటి?

థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి. లేకపోతే మొదటిసారి 2,000, రెండోసారి 4,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. సొంత బండి డ్యామేజీకి క్లెయిమ్ పెడితే సర్వేయర్ ఇంజన్, ఛాసిస్ నంబర్లు చూస్తాడు. తేడా వస్తే పేచీ అక్కడ మొదలవుతుంది. అందుకే ఆర్సీ మారగానే ఇన్సూరెన్స్ కంపెనీకి రాసిచ్చి పాలసీలోనూ మార్పించుకోండి.

ఇంకో మాట. ఐదేళ్లు దాటిన బండి విలువ, అంటే ఐడీవీ, కంపెనీ, మీరు మాట్లాడుకుని తేల్చుకునేది. ఏజెంట్ రాసిన అంకెకు తలూపకండి. రిపేర్ బిల్లులు, ఫొటోలు దగ్గర పెట్టుకుని అడగండి.

వింటేజ్ నంబర్ వస్తుందా?

2021లో వచ్చిన రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటిన కారుకు 'వీఏ' అక్షరాలున్న నంబర్ తీసుకోవచ్చు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ బండి ఒరిజినల్‌గా ఉండాలి. ఇంజన్, ఛాసిస్, బాడీల్లో పెద్ద మార్పులు చేసి ఉంటే కుదరదు. పైగా ఆ నంబర్‌తో రోజూ తిరగడానికి లేదు. కాబట్టి 50 ఏళ్లకు దగ్గరైన బండి ఉంటే, ఇంజన్ మార్చే ముందు పాతదాన్నే బాగు చేయించడం కుదురుతుందేమో అడిగి చూడండి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. బానెట్ ఎత్తి ఇంజన్ నంబర్ ఫొటో తీసి, ఆర్సీ, పాలసీ పక్కన పెట్టి చూడండి. మూడూ కలిస్తే నిశ్చింత. కలవకపోతే సోమవారం ఆర్టీఏ ఆఫీసుకు. అబ్బా నిశానీ ఇంట్లో ఉండాలంటే బండితో పాటు కాగితం కూడా నడవాలి.