బెదురు కుక్కపిల్లకు నెమ్మదైన పెద్దకుక్క తోడు

కొత్త గిత్తను కాడికి అలవాటు చేసేటపుడు రైతు ఏమి చేస్తాడో సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. పని తెలిసిన పాత ఎద్దు పక్కన కడతాడు. గిత్త బెదిరినా ఎద్దు బెదరదు. నాలుగు సాళ్లు తిరిగేసరికి గిత్తకూ ధైర్యం వస్తుంది. కొట్టం దగ్గర కావలికి పెంచుకునే కుక్కపిల్ల విషయంలోనూ ఇదే పద్ధతి పనికివస్తుంది. ఈ సంగతి మేము ఒక పొరపాటు చేసి తెలుసుకున్నాము గనుక, అది మరొకరికి జరగకూడదని వ్రాస్తున్నాము.

మా పరిధిలోని ఒక పాల సంఘం సభ్యుని కుమారుడు హైదరాబాదు ఫిలింనగర్‌లో, కడుతున్న ఒక ఇంటి వద్ద కాపలా పనిలో ఉన్నాడు. భార్యాబిడ్డలతో అక్కడే రేకుల గదిలో కాపురం. జూబిలీహిల్స్, ఫిలింనగర్ రెండూ సహకార గృహనిర్మాణ సంఘాల ద్వారా రాతిగుట్టల మీద వెలసిన కాలనీలే. ఇప్పుడు అక్కడ రాత్రింబగళ్లు కార్లు, షూటింగులకు పోయే జనరేటరు వ్యాన్లు, రాళ్లు కోసే యంత్రాలు. ఊరినుంచి తెచ్చుకున్న మూడు నెలల కుక్కపిల్ల ఆ చప్పుళ్లకు మంచం కింద దూరి బయటకు రాలేదు.

"సారూ, ఇది మనిషిని జూస్తేనే మంచం కిందికి పోతది. ఇగ కావలేం గాస్తది?" అని ఆ అబ్బాయి అడిగాడు. "గేటు దగ్గర కట్టెయ్యవయ్యా, రెండు రోజుల్లో అదే అలవాటు పడుతుంది" అన్నాము. మూడవ రోజున, గేటు దగ్గర వణుకుతున్న పిల్లను నిమరబోయిన అతని ఆరేళ్ల కూతురి చేతిని అది కరిచింది. వెంటనే సబ్బునీళ్లతో కడిగి, ఆస్పత్రికి తీసుకుపోయి, సూదిమందు మోతాదులన్నీ వేయించారు. బిడ్డ క్షేమంగా ఉన్నది. కాని సలహా మాది, నొప్పి ఆ పాపది.

తప్పు ఎక్కడ జరిగింది?

పశువైద్యుని అడిగితే కారణం చెప్పారు. భయపడిన జంతువు ముందు పారిపోవాలని చూస్తుంది. కట్టివేస్తే పారిపోయే దారి ఉండదు, మిగిలేది కాటే. కుక్కపిల్లకు సుమారు 3వ వారం నుంచి 12, 14 వారాల వరకు లోకాన్ని పరిచయం చేసుకునే వయస్సు. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి కుక్కపిల్లలను పరిశీలించి 1965లో ప్రకటించిన గ్రంథంలో ఈ వయస్సు ప్రాముఖ్యాన్ని వివరించారు. అప్పుడు మంచిగా పరిచయమైనవాటికి తరువాత అంతగా బెదరదు. ఆ వయస్సు దాటినా అలవాటు చేయవచ్చు, ఐతే ఓపిక ఎక్కువ కావాలి.

పక్క ఇంటి కాపలాదారు పెద్దాయన వద్ద ఒక ఆడకుక్క ఉన్నది. చెవి కొసన కోత ఉన్నది గనుక పిల్లలు పుట్టకుండా ఆపరేషను అయినదని తెలుస్తుంది. టీకాలూ వేయించినదే. హారను మోగినా చెవి ఆడించి ఊరుకునే స్వభావం. డాక్టరుగారి సలహాపై కుక్కపిల్లకు టీకాలు వేయించి, దీనిని తోడుగా తీసుకున్నారు.

అనుసరించవలసిన పద్ధతి

1. పెద్దకుక్క ఆరోగ్యమైనదై, టీకాలు పడినదై, పిల్లలను ఓర్చుకునేదై ఉండాలి. కయ్యానికి దిగే కుక్క ఒక్కసారి కరిస్తే పిల్ల భయం రెట్టింపు అవుతుంది.

2. మొదట ఎదురెదురుగా నిలపరాదు. వాహనాలు తక్కువగా ఉండే తెల్లవారుజామున, మధ్య పది పదిహేను అడుగుల ఎడం ఉంచి, రెండింటినీ ఒకే దిక్కుకు నడిపించాలి. తాడు వదులుగా ఉండాలి. కాడికీ దీనికీ ఇదే తేడా: గిత్తను కాడి పట్టి ఉంచుతుంది, కుక్కపిల్లకు మాత్రం వెనుకకు తగ్గే వీలు ఉండాలి.

3. తోక కాళ్ల మధ్య ముడవడం, చెవులు వెనుకకు వాల్చడం, ఆకలి లేకపోయినా మూతి నాకడం, ముఖం తిప్పుకోవడం భయానికి గుర్తులు. అవి కనిపిస్తే ఎడం పెంచాలి.

4. పది నిమిషాలు చాలు. పిల్ల ఆటలు శృతిమించితే పెద్దకుక్క ఒకసారి గుర్రుమని ఊరుకుంటుంది, అది బుద్ధి చెప్పడమే. తరమడం, అణచిపట్టడం చేస్తే వెంటనే విడదీయాలి.

5. తిండి గిన్నెలు వేరువేరుగా పెట్టాలి.

6. రోజూ కొంతసేపు పిల్లను ఒంటరిగా కూడా తిప్పాలి. లేనిచో తోడు ఉంటేనే ధైర్యం, లేకుంటే పాత భయమే.

నెల దాటాక మేము వెళ్లేసరికి, గేటు నీడలో పెద్దకుక్క పడుకుని ఉన్నది, దాని వెనుక కుక్కపిల్ల. వ్యాను పోయినపుడు పిల్ల లేచి పెద్దదాని వంక చూసింది. అది కదలలేదు. పిల్ల మళ్లీ పడుకుంది. పాప దూరం నుంచి రొట్టెముక్క విసిరితే వచ్చి తిన్నది. నిమరడానికి పాపకు ఇంకా ధైర్యం రాలేదు. తొందర పెట్టవద్దని ఈసారి మేమే చెప్పాము.

సభ్యులకు మనవి

కుక్క కరిచినా, గీరినా గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. పసుపు, కారం, సున్నం పెట్టరాదు. పిచ్చికుక్క కరిచిన పశువు పాలు కేంద్రంలో పోయక, డాక్టరుకు తెలియజేయాలి. మన పాలశుద్ధి పద్ధతికి పేరిచ్చిన లూయీ పాశ్చర్ 1885 జూలై 6న తొలిసారి ఒక బాలునికి ఈ వ్యాధి టీకా వేయించాడు. ఏటా ఆ రోజున అనేక పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. మీ సంఘం పాలకవర్గం ముందుగా తీర్మానించి, సభ్యుల కుక్కలన్నింటినీ అక్కడికి పంపే ఏర్పాటు చేయగలరని కోరుతున్నాము.