మడతపెడితే... చోటే చోటు!

ఒకేసారి పది ప్రోగ్రాములు తెరిస్తే పాత కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది. ఎందుకంటే ర్యామ్ నిండగానే ఆపరేటింగ్ సిస్టమ్ కొంత సమాచారాన్ని హార్డ్‌డిస్కులోకి పంపేస్తుంది. దీన్నే స్వాపింగ్ అంటారు. చోటు చాలక సామాన్లు అటకెక్కించడం లాంటిదే ఇది. కావాల్సినప్పుడల్లా నిచ్చెన వేయాల్సిందే! ర్యామ్ నుంచి సమాచారం అందడానికి సెకనులో దాదాపు కోటోవంతు చాలు. హార్డ్‌డిస్కుకైతే వందోవంతు దాకా కావాలి. ఆలస్యమంతా అక్కడే.

దీనికి విరుగుడే లినక్స్‌లోని జెడ్‌ర్యామ్. సమాచారాన్ని కుదించి ర్యామ్‌లోనే దాస్తుంది. బొంతల్ని మడతపెట్టి అదే గదిలో సర్దేసినట్టన్నమాట! మడత విప్పేందుకు ప్రాసెసర్‌కి కాస్త పని పెరిగినా, డిస్కు దాకా వెళ్లిరావడంకన్నా నయమే. 512 ఎంబీ ర్యామ్ ఉన్న చవక ఫోన్లలోనూ నడిచేలా 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.4కి ఈ కిటుకే సాయపడింది. లినక్స్‌తో నడిచే పాత కంప్యూటరేదైనా మీ ఇంట్లో మూలన పడి ఉందా? పారేసేముందు ఓసారి ఈ మడత వేసి చూడండి!