మంచు కరగగానే పూచే మెట్ట పూలు



వినాయక చవితి పూజలో వాడు మాచిపత్రి, పూలదండలలో వాసనకై కట్టు దవనము మీకు తెలిసినవే. వీని ప్రజాతికే చెందిన సేజ్‌బ్రష్ అను బూడిదరంగు పొద అమెరికా పశ్చిమ రాష్ట్రములగు నెవాడా, ఐడహో, ఆరెగన్‌లలో విస్తారమైన మెట్ట భూములను కప్పియున్నది. అచ్చట పెక్కు తావులలో ఏడాదికి లభించు తేమ 8 మొదలు 12 అంగుళములే. అందు చాల భాగము చలికాలపు మంచు. మన అనంతపురమునకు సగటున సుమారు 22 అంగుళముల వాన కలదు!

అయినను ఫిబ్రవరి, మార్చి నెలలలో మంచు కరగగానే ఆ నేల పూచును. ముందుగా నేలనంటి బటర్‌కప్ అను పసుపు పువ్వు, పిదప తలవంచిన గంటవంటి ఎల్లోబెల్, ఏప్రిల్, మే నెలలలో పొద్దుతిరుగుడును పోలిన బాల్సమ్‌రూట్ విచ్చును.

వీని బలమంతయు నేలలోనే యున్నది. ఇవి దుంపలలో, గడ్డలలో, లావు వేళ్లలో ఆహారము దాచుకొనును. తేమ యున్న కొద్ది వారములలో పూచి, విత్తు రాల్చి, ఎండలు ముదరగానే పైభాగము ఎండి నిద్రించును. సేజ్‌బ్రష్ వేళ్లు లోతునుండి నీటిని రాత్రివేళ పైపొరకు చేర్చును.

ఇట్టి నేలకు నేడు గొప్ప ముప్పు వాటిల్లినది. 19వ శతాబ్దపు చివర విదేశపు ధాన్యములో కలిసి వచ్చిన చీట్‌గ్రాస్ అను గడ్డి, పశువులను మితిమీరి మేపిన చోట్ల వేగముగా పాకినది. ఇది శీతకాలమునకు ముందే మొలిచి, వసంతపు తేమను త్రాగివేసి, వేసవి ఆరంభముననే ఎండి నిప్పుకు ఎర యగును. కాలిన సేజ్‌బ్రష్ మోడు మరల చిగుర్చదు. గడ్డి మాత్రము మరుసటి యేడు మొలచును. ఇట్లు పదేపదే కాలగా పొదలు, పూలు, మంచి మేత అన్నియు నశించును.

ఇది పరాయి కథ యనుకొనరాదు. అమెరికా ఖండముల నుండియే వచ్చిన వయ్యారిభామ 1950 దశకమున పూనాలో గుర్తింపబడి, నేడు మన గట్లను, బంజరులను ఆక్రమించినది. కావున:

1. కలుపు గింజలు లేని శుభ్రమైన విత్తనమునే చల్లుడు.

2. వయ్యారిభామను పూతకు రాకముందే, నేల తడిగా నున్నపుడు, చేతులకు తొడుగులు వేసికొని వేళ్లతో పెరకుడు.

3. గ్రామాధికారులు పంచాయతీతో కలిసి మేత బీళ్లను భాగములు చేసి, వంతులవారీగా మేపించవలెను.

4. బీళ్లకు నిప్పు పెట్టరాదు.

బోసిపోయిన నేల ఊరక యుండదు. మనము మంచి గడ్డిని నిలుపకున్నచో, కలుపు దానిని ఆక్రమించును.