అమ్మానాన్నలకు నేర్పాల్సిన మూడు అంకెలు

అమెరికాలో 911కి మొట్టమొదటి ఫోను 1968 ఫిబ్రవరి 16న అలబామాలోని హేలీవిల్ అనే చిన్న ఊళ్ళో, పోలీస్ స్టేషన్లో మోగింది. ఇప్పుడు దేశమంతటా పోలీసులు, ఫైర్ ఇంజను, అంబులెన్సు, మూడింటికీ అదే నంబరు.

మనవాళ్ళకి దీంతో ఓ చిక్కుంది. ఇండియాకి 011, ఆపైన 91 నొక్కబోయి, తడబడి 911 నొక్కేస్తాం. కంగారుపడి పెట్టేయకండి. "పొరపాటున చేశాను" అంటే సరిపోతుంది. మాట్లాడకుండా పెట్టేస్తే ఎవరో ఆపదలో ఉన్నారనుకుని వాళ్ళే తిరిగి ఫోను చేస్తారు. చాలా ఊళ్ళలో పోలీసు ఇంటికే వస్తాడు.

నాన్నగారికి గుండెనొప్పి అని ఫోను చేస్తే ఫైర్ ఇంజను వచ్చిందేమిటని ఆశ్చర్యపోకండి. చాలాచోట్ల ఫైర్ స్టేషనే దగ్గర. అందులోవాళ్ళకి అత్యవసర వైద్యంలోనూ శిక్షణ ఉంటుంది.

మీరు ఆఫీసుకి వెళ్తే ఇంట్లో ఉండేది పెద్దవాళ్ళే. ఇంగ్లీషు రాకపోయినా "తెలుగు ఇంటర్‌ప్రెటర్" అంటే చాలాచోట్ల ఫోనులోనే దుబాసీని కలుపుతారు. కానీ ముందు చెప్పాల్సింది అడ్రసు, అపార్ట్‌మెంట్ నంబరు. సెల్‌ఫోను వీధి చూపించినా తలుపు చూపించకపోవచ్చు.

ఇవన్నీ పెద్ద తెలుగక్షరాల్లో రాసి ఈ సాయంత్రమే ఫ్రిజ్ మీద అంటించండి. ఒక్కసారి అమ్మచేత బిగ్గరగా చదివించండి. సెలవు.